మూడు స్విచ్‌ల ఫోను, మా ఆడబిడ్డ పిలుపు

ఆ రోజుల్లో నా వయసు నలభై దాటింది గానీ, చదువు లెక్కన చూస్తే నేనింకా రెండో తరగతి పిల్లనే. మా వీధి చివర ఆడవాళ్ల కోసం పెట్టిన సాయంత్రం బడికి వెళ్లి, కూడబలుక్కుని చదవడం అప్పుడే నేర్చుకున్నాను. ఆ వయసులో చదువు వచ్చినవాళ్లకు ఎంత చాదస్తం పట్టుకుంటుందో చిన్నప్పుడే బడికి పోయినవాళ్లకు తెలియదు. నరసరావుపేటలో బస్సెక్కానంటే దిగేదాకా కొట్ల బోర్డులన్నీ పైకి చదివేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్లు ముందు నవ్వేవాళ్లు, కాసేపటికి లేచి వేరే సీటు వెతుక్కునేవాళ్లు. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చదివాకే పారేసేదాన్ని (సగం వార్తే ఉండేది, మిగతా సగం ఇంకెవరి బజ్జీలతోనో పోయేది). అలాంటి మనిషి చేతికి, లోపలి రాతంతా ఎవరైనా చదువుకోవచ్చు అని చెప్పి ఒక ఫోను ఇస్తే ఏమవుతుంది? అదే అయింది.

ఇచ్చింది మా మరిది. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం. తప్పంతా అతనిదే అనను, మొదలుపెట్టింది నేనే. మా ఇంటి ముందుగదిలో నా కుట్టుమిషను ఉంటుంది. జాకెట్టు కొలతలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్లకు ఎందుకో మనసులో ఉన్నదంతా బయటికి వస్తుంది. అత్త సంగతి, కోడలి సంగతి, కడుపునొప్పి సంగతి, అన్నీ ఆ టేపు నా చేతిలో ఉన్నంతసేపూ చెబుతారు. ఒకరోజు ఒకామె తన మొగుడి గురక గురించి చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లింది. ఆ సాయంత్రమే నా ఫోనులో గురక తగ్గించే బిళ్లల ప్రకటన. అది కాస్తా మా ఆయన కంట పడింది. "ఏందే, నా గురక సంగతి ఊరంతా చాటావా?" అని అలిగి రెండు పూటలు పెరుగు లేకుండా తిన్నాడు. ఇది మా మరిదితో చెప్పుకుని, నా గదిలో మాటలు వినడానికి వీడెవడయ్యా అని మొత్తుకున్నాను. మరుసటి నెల వస్తూ వస్తూ ఒక నల్లటి పెట్టె తెచ్చాడు.

"వదినా, ఇది ఓపెన్ సోర్స్ ఫోను. దీని ప్రోగ్రాం అంతా దాపరికం లేకుండా బయటే ఉంటది, ఎవరైనా చదువుకోవచ్చు. ఇదిగో పక్కన మూడు స్విచ్‌లు. మొదటిది తోశావంటే మైకూ కెమెరా రెండూ చచ్చిపోతాయి. రెండోది ఇంటర్నెట్టుకి, మూడోది సిమ్ముకి. ఇవి ఉత్తుత్తి బొమ్మలు కాదు, లోపల కరెంటే తెగిపోద్ది. ఎవడూ వినలేడు."

"చదువుకోవచ్చంటున్నావు, తెలుగులోనేనా?" అన్నాను ఆశగా.

మా మరిది నా మొహం చూసి, "కొంచెం అలవాటు పడాలి వదినా" అన్నాడు. ఆ ఫోను గురించి నేను ఏ ప్రశ్న వేసినా అతని దగ్గర ఆ ఒక్క జవాబే ఉండేదని నాకు తర్వాత తెలిసింది.

మొదటి వారం నా వైభవం చూడాలి. కొలతలకు ఎవరొచ్చినా, అందరికీ కనపడేట్టు ఫోను పైకెత్తి, మొదటి స్విచ్ టక్కున కిందికి తోసి, "ఇంక చెప్పుకోండమ్మా" అనేదాన్ని. రెండో వారం నుంచి మొదలైంది నా ఖర్మ. అది ఫోనా ఇటుకరాయా అన్నంత బరువు. పొద్దున నిండా ఛార్జింగు పెడితే మధ్యాహ్నానికి కళ్లు తేలేసేది. ఊరందరి దగ్గరా ఉండే మెసేజీల యాప్ అందులో ఎక్కదు. కొట్లో డబ్బులు పంపే యాప్ ఎక్కదు. తెలుగులో ఏదైనా వస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట విడివిడిగా నిలబడేవి. అసలే కొత్త చదువు నాది, ఆ విడిపోయిన కాపురాలన్నీ నేనెక్కడ కలపను? మా మరిదికి ఫోను చేస్తే కొంచెం అలవాటు పడాలి అనేవాడు.

వీటన్నిటికీ నిజంగానే అలవాటు పడ్డాను. అలవాటు పడలేనిది ఒక్కటే. మా వైపు ఆడవాళ్లం ఫోను ఎక్కడ పెట్టుకుంటాం? రొంటిన దోపుకుంటాం. చీర కట్టుకున్న మనిషికి జేబు ఎక్కడిది? ఆ ఫోను చేసినవాళ్లు ఏ దేశం వాళ్లో గానీ, వాళ్లింట్లో చీర కట్టే ఆడది లేదని మాత్రం ఒట్టేసి చెబుతాను. రొంటిన దోపిన ప్రతిసారీ చీర మడత రాసుకుని ఏదో ఒక స్విచ్ కిందికి దిగేది. బయటికి తీసినప్పుడు ఇంకోటి పైకి లేచేది. ఎప్పుడు ఏది పనిచేస్తుందో నాకే తెలిసేది కాదు. (ఒక మేలు మాత్రం జరిగింది. అది కాగిన పెనంలా వేడెక్కేది కాబట్టి నడుముకు కాపడం పెట్టినట్టుండి, మిషను తొక్కి తొక్కి వచ్చిన నొప్పి తగ్గింది.)

సరిగ్గా ఆ రోజుల్లోనే గురజాలలో మా ఆడబిడ్డ కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. మా ఆయనకు అక్క ఆవిడ. నాకు పెళ్లయిన కొత్తలో ఏదో కాగితం మీద సంతకం చెయ్యాల్సి వస్తే పదిమందిలో, "దానికెందుకు పెన్ను, అది వేలిముద్ర" అని నవ్వింది. అప్పటి నుంచి వాళ్లింట్లో నా పేరే వేలిముద్ర అయింది. ఇంటికి ఏ శుభలేఖ వచ్చినా నన్ను దాటుకుని మా ఆయన చేతికే వెళ్లేది. అయినా మేనకోడలు నా చేతుల్లో పెరిగిన పిల్ల. దాని ఓణీల జాకెట్టు నేనే కుట్టాలని ఎప్పటి నుంచో అనుకున్నాను. ఫంక్షన్ ఆదివారం అని ఊళ్లో అందరికీ తెలిసింది, మాకు మాత్రం పిలుపు లేదు. పైగా జాకెట్టు గుంటూరులో పెద్ద షాపులో ఇచ్చారని విన్నాను. మా ఆయన లారీ మీద తిరుగుతూ, "పిలిచిందా అక్క?" అని ఊరు ఊరుకీ ఆగి ఫోను చేసి అడుగుతున్నాడు. లేదని చెప్పడానికి నోరు రాక మాట తప్పించేదాన్ని. పిలుపు రాకపోతే అక్కాతమ్ముళ్ల రాకపోకలు అంతటితో సరి అని మా ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున చీరలకు ఫాల్ కుట్టే ఎదురింటి ఆపా వచ్చి నా పక్కనే కూర్చుంది. ఫోను మోగింది. రొంటిలోంచి లాగి చూద్దును గదా, మా ఆడబిడ్డ! మిషను ఆపి చెవికి పెట్టుకున్నాను.

"ఏమే, బాగున్నారా? ఆదివారం పిల్లకి ఓణీలు. ఇంటోళ్లమే గదా, ఫోన్లో చెప్తే చాలనుకున్నా. తమ్ముణ్ణి తీసుకొని రా."

"అయ్యో, దానికేముంది వదినా, వస్తాం! శనివారమే వస్తాం!" అన్నాను.

"ఏమే... ఉన్నావా?"

"ఉన్నా వదినా!"

"ఏందే పలకవు? నీ ఊపిరి కూడా వినపడనీయవా? ఫోన్లో శుభలేఖ బొమ్మ పెట్టి వారమైంది, ఒక్క టిక్కే పడతంది. నన్ను తీసిపారేశావంటగా!"

"ఆ యాప్ ఇందులో లేదు వదినా!" అని నేను గది అదిరేలా అరిచాను. ఆపా సూది ఆపి, "ఏందమ్మా ఆ కేకలు? ఫోన్ లేకపోయినా గురజాలకి వినపడేట్టుంది" అంది. ఎక్కడ వినపడింది? అవతల మా ఆడబిడ్డ గొంతు మెల్లగా మారుతోంది.

"బొట్టు పెట్టి పిలవలేదనా నీ కోపం? ఇంట్లో పని ఊపిరాడనీకుండా ఉందే."

"కోపం లేదు వదినా, వినపడతందా!"

"జాకెట్టు గుంటూరులో ఇచ్చాననా? పిల్లే అడిగిందే, నేనేం చెయ్యను?"

"పోనీలే వదినా!"

ఈసారి ఆవిడ చిన్నగా, "ఆనాడు అందరిలో వేలిముద్ర అన్నాననేగా. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నావేందే" అంది.

ఆ మాటకు మాత్రం నేను అరవలేదు. ఫోను చెవికి పెట్టుకుని ఉత్తినే కూర్చున్నాను. అది మైకు చేసిన మౌనం కాదు, నాదే. మా ఆడబిడ్డ ముక్కు చీదుకుని ఫోను పెట్టేసింది.

"ఇదేంది, ఈ మీట కిందికుంది?" అంది ఆపా, నా చేతిలో ఫోను తిప్పి చూస్తూ. మొదటి స్విచ్! నెత్తి కొట్టుకుని పైకి తోసి, తిరిగి చేద్దామంటే నా చెయ్యి తగిలి మూడోది కిందికి దిగి ఉంది. అది కూడా పైకి తోస్తే సిగ్నలు రాలేదు, ఆపి మళ్లీ పెట్టమంది. పెడితే నల్లటి తెర మీద ఇంగ్లీషు రాతలు పొలోమని పరిగెత్తాయి (అందరూ చదువుకోవచ్చన్నది దీన్నే కాబోలు). అవి సగంలో ఉండగానే ఛార్జింగు చచ్చింది. ఆపా ఫోనులోంచి చేద్దామంటే మా ఆడబిడ్డ నంబరు ఆ చచ్చిన ఫోనులోనే ఉంది. తీగ తగిలించి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుని, హైదరాబాదు వైపు తిరిగి మా మరిదిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆపా చానా శ్రద్ధగా విన్నది.

అన్నం వేళకు ఫోను లేచి, ఇంకా సిగ్నలు వెతుక్కుంటూ ఉండగానే గుమ్మం ముందు ఆటో ఆగింది. దిగింది మా ఆడబిడ్డ. ఎండకి మొహం కందిపోయి ఉంది, చేతిలో కుంకుమ భరిణ. నేను నోరు తెరవకముందే బొట్టు పెట్టేసింది.

"వదినా, నాకు కోపం లేదు. ఈ స్విచ్ కిందికుంటే నేను మాట్లాడింది నీకు వినపడదు" అని ఫోను చూపించాను.

"చాల్లేవే. మాట్లాడకుండా ఉండటానికి కూడా ఫోను కొనుక్కుంటారా ఎక్కడైనా?"

"ఒట్టు వదినా! నీ ఫోన్నించి చెయ్యి, చూపిస్తా." చేసింది. నా ఫోను అందుబాటులో లేదని చెప్పింది ఎవరో అమ్మాయి. మా ఆడబిడ్డ నా వైపు ఒక చూపు చూసింది.

అప్పుడు సంచిలోంచి శుభలేఖ తీసింది. అలవాటుగా, "ఆయన లారీ మీద పోయాడు వదినా, సాయంత్రం వస్తాడు" అన్నాను.

"వాడెందుకు? నీకే. బడికి పోతన్నావంటగా, ఇంద, చదువు."

చదివాను. పిల్ల పేరు దగ్గర బాగానే ఉన్నాను, 'బంధుమిత్ర సపరివార' దగ్గర ఇరుక్కుపోయాను. మా ఆడబిడ్డ అందించలేదు, నవ్వలేదు. నేను ఆ మాట దాటేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చివరి అక్షరం దాకా చదివించుకుని, కళ్లు తుడుచుకుని, అదే సంచిలోంచి ఇంకో పొట్లం తీసింది.

"గుంటూరోడు చంకల దగ్గర బిగించి కుట్టి చచ్చాడే. పిల్ల చెయ్యెత్తలేకపోతంది. రేపటికల్లా వదులు చేసియ్యి."

అదీ సంగతి! ఆ బొట్టు నాకు పెట్టిందో, నా మిషనుకు పెట్టిందో నాకిప్పటికీ అనుమానమే. ఆ జాకెట్టు మొత్తం విప్పి మళ్లీ కుట్టాను. ఆదివారం మేనకోడలు రెండు చేతులూ ఎత్తి అక్షింతలు వేయించుకుంది. (దాన్ని ఫోటో తీద్దామంటే కెమెరా పనిచెయ్యలేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.)

ఆ ఫోను మా మరిదికి తిరిగి ఇచ్చేశాను. "కొంచెం అలవాటు పడాల్సింది వదినా" అన్నాడు. ఇప్పుడు నా దగ్గర అందరి దగ్గరా ఉండే ఫోనే ఉంది. అన్నీ పనిచేస్తాయి, అన్నీ వింటుంది, మోకాలి నూనె దగ్గర్నుంచి పట్టుచీరల దాకా అన్నీ అమ్మజూపుతుంది. మా ఆడబిడ్డ రోజూ పొద్దున్నే చేసి, కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా కుట్టు దాకా వంకలు పెడుతుంది. నేను ఊకొడుతూనే ఉంటాను. కానీ ఆవిడ గొంతు పెరిగినప్పుడల్లా నా బొటనవేలు దానంతటదే ఫోను అంచు మీదికి పోయి, ఇప్పుడక్కడ లేని మొదటి స్విచ్ కోసం తడుముకుంటుంది. ఒకప్పుడు కాగితాల మీద నా బదులు మాట్లాడిన వేలు కదా, దానికీ ఒక్కోసారి ఊరుకోవాలని ఉంటుందేమో అనుకుని, నవ్వుకుని, "చెప్పు వదినా, వింటన్నా" అంటాను.