సున్నం ఆరేదాకా

నిన్న మధ్యాహ్నం పురానాపూల్ దగ్గరి ఆ ఖరీదైన హోటల్లో, చిన్న వెండి గిన్నెలో గుక్కెడు పచ్చిపులుసు తెచ్చి నా ముందు పెట్టారు. పైన ఒకే ఒక్క కరివేపాకు, దాని చుట్టూ ఏదో తెల్లటి పొగ. కంచన్‌బాగ్ క్వార్టర్లో మా అమ్మ గిన్నెల కొద్దీ చేసేది, ఏనాడూ పొగ పెట్టిన పాపాన పోలేదు. నవ్వు ఆపుకుని గిన్నె ఎత్తాను. చింతపండు, బెల్లం కలిసిన ఆ పుల్లతీపి వాసన ముక్కుకు తగలగానే నాకు ఇల్లు గుర్తుకు రాలేదు. సున్నంలో కలపడానికి కరక్కాయ, బెల్లం నానబోసిన నీళ్ల తొట్టి గుర్తుకొచ్చింది. దాని పక్కన చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, సున్నం కలిపేవాళ్లను అదిలిస్తూ నిలబడ్డ మా వసుంధర మేడం గుర్తుకొచ్చారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆమె కట్టిన కప్పు. ఇటు నా ఎదురుగా హోటల్ యజమాని. "మీరు కడుతున్న మా కొత్త హాలు సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతరు మేడం? తారీఖు చెప్తే కార్డులు కొట్టిస్త" అంటున్నాడు. గిన్నె కింద పెట్టి మళ్లీ కిటికీ వైపు చూశాను.

ఎదురుగా ఉన్నది ఒకప్పటి నవాబుగారి భవంతి, దేవిడీ అంటారు. చాలా ఏళ్లుగా మ్యూజియం. కత్తులు, గడియారాలు, పింగాణీ పాత్రలు గదుల్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. కొత్త భాగం కట్టాలనుకున్నప్పుడు అందరూ అద్దాల పెట్టెలాంటిదేదో వస్తుందనుకున్నారు. ఆర్కిటెక్టుగా వచ్చిన మేడం మాత్రం, రెండు పాత భవనాల మధ్యనున్న పెద్ద వాకిలి మీద ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకటే కమాను కప్పు గీసి చూపించారు. మధ్యలో స్తంభం లేదు. లోపల ఇనుము లేదు. ఇటుక, సున్నం, అంతే. చదువైపోయి కొత్తగా ఆమె దగ్గర చేరిన నాకు ఆ బొమ్మ చూడగానే ఒళ్లు గగుర్పొడిచింది. మ్యూజియం కమిటీ వాళ్లు మాత్రం ఈ కాలంలో సున్నమేమిటని నవ్వారు. "పాత గోడలు సున్నంతో ఊపిరి పీల్చుకుంటున్నాయండీ. పక్కన సిమెంటు తెచ్చి వాటి ముక్కు మూయను" అన్నారు మేడం. ఆమెది గోదావరి వైపు. ఎంత మొండి మాటైనా ఆ 'అండీ' చేర్చి మెత్తగానే చెప్పేవారు, కానీ ఒక్క అంగుళం కదిలేవారు కాదు.

పనిలో చేరిన మొదటి రోజు ఆమె నా చెయ్యి పట్టుకుని, ముందు వారం కట్టిన ఇటుకల సందులో నా బొటనవేలి గోరు పెట్టి నొక్కించారు.

"దిగిందా?"

"దిగింది మేడం."

"అయితే ఇది ఇంకా పసిదే. దీని మీద బరువు పెట్టకూడదు."

సున్నం ఎంత గట్టిపడిందో చూడడానికి సైటులో పరికరాలు లేక కాదు. వాటితోనూ కొలిచేవారు. అయినా పొద్దున్నే గోరు పెట్టి చూడకుండా ఏ పనీ మొదలుపెట్టేవారు కాదు. అందుకే ఆమె కుడి బొటనవేలు ఎప్పుడూ తెల్లగా, పగిలి ఉండేది. మధ్యాహ్నం మేమంతా కట్టే కప్పు కిందే కూర్చుని తినేవాళ్లం. నా డబ్బాలోని పచ్చిపులుసు చూసి, "కాల్చిన వంకాయ కూడా లేని ఇదేం పులుసమ్మాయ్" అని వెక్కిరించి, మొత్తం ఆమే తాగేసేవారు. మొఘల్‌పురా నుంచి వచ్చే మా పెద్దమేస్త్రీ హసన్ భాయ్ నా వైపు చూసి, "రేపటి సంది రెండు డబ్బాలు తే బేటీ" అనేవాడు.

కప్పు పూర్తయిన ఏడాది వాన వదల్లేదు. కింద సెంట్రింగ్ చెక్కలు, సరుగుడు బాదులు దాన్ని మోస్తూనే ఉన్నాయి. పైన సున్నం ఆరనంటోంది. ఇంతలో ప్రారంభోత్సవం ఖాయమైంది. కొత్త కప్పు కింద పెద్దలకు మధ్యాహ్నపు విందు, వడ్డన ఎదురుగా కొత్తగా తెరిచిన ఈ హోటల్‌ వాళ్లది. కమిటీ పెద్ద మేడంని పిలిపించి, కర్రలు తీసెయ్యమన్నాడు. ఆమె ఒప్పుకోకపోతే ఒప్పుకునే ఇంజనీరు దొరుకుతాడని కూడా అన్నాడు. అది ఆమె జీవితంలో అన్నిటికంటే పెద్ద పని. అది చేజారితే కప్పుకూ దిక్కుండదు, ఆమె పేరుకూ ఉండదు. మేడం సున్నం ఇరుక్కున్న గోరు చూపించారు.

"దీనికి మీ తారీఖు తెలీదండీ. విందు మాత్రం మానొద్దు. కర్రలుంటే ఎంతమందినైనా కూర్చోబెట్టండి. తీశాక ఒక్కరు కూర్చుంటానన్నా నేనొప్పుకోను."

కార్డులు అప్పటికే పంచేశారు. చివరికి విందు అలాగే జరిగింది. బాదుల మధ్య తెల్లగుడ్డ పరిచిన బల్లలు, వంగి వంగి నడిచే పెద్దమనుషులు, పళ్లేలు పక్కకు వంచి దూరే వెయిటర్లు. తలెత్తితే చెక్కలే తప్ప కప్పు కనిపించదు. "అడవిలో పిక్నిక్కుకు పిలిచారా?" అని ఎవరో గట్టిగానే నవ్వారు. మేడం తొణక్కుండా అన్నం తిన్నారు. అందరూ వెళ్లాక మాత్రం నా పక్కన కూలబడి, "చాలా అవమానంగా ఉందమ్మాయ్" అన్నారు. ఆమె నోట అలాంటి మాట వినడం అదే మొదటిసారి.

చలికాలం ముదిరాక ఒక ఉదయం గోరు దిగలేదు. నన్నూ నొక్కమన్నారు. రాయిని నొక్కినట్టుంది. ప్రతి బాదు కిందా ఇసుక నింపిన ఇనుప డబ్బా ఉండేది. బిరడా తీస్తే ఇసుక కారుతుంది, బాదు నెమ్మదిగా కిందికి దిగుతుంది. అన్నీ ఒక్కలాగే దిగాలి. మేడం చెయ్యి ఎత్తారు. "ఆహిస్తా... జర జర వదులున్రి" అని హసన్ భాయ్ అరిచాడు. ఇసుక కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చెక్కకూ ఇటుకకూ మధ్య దారమంత వెలుతురు కనిపించింది. ఆ దారం ఈ గోడ నుంచి ఆ గోడకు పాకింది. అంత బరువూ ఏమీ పట్టుకోకుండా గాలిలో నిలబడింది. కట్టింది మేమే, అయినా నమ్మలేకపోయాను.

"మేడం, నిలబడ్డది! మనల్ని అడగకుండనే నిలబడ్డది!" హసన్ భాయ్ ఏడుస్తున్నాడు.

కర్రలన్నీ తీసేసిన రోజు పనివాళ్లందరి భోజనాలకు ఆ కప్పు కిందే దస్తర్‌ఖాన్ పరిచారు. హోటల్ యజమాని బిర్యానీ హండీలు పంపి, తనూ వచ్చి కింద కూర్చున్నాడు. మేడం మాత్రం మా అమ్మ పచ్చిపులుసే కావాలన్నారు. పై కిటికీల వెలుగు ఆ ఎర్రటి వంపు మీద జారుతుంటే నేను తల దించలేకపోయాను. ఆమె నా మోచేతిని పొడిచారు. "మెడ పట్టేస్తుంది, అన్నం తిను. అదెక్కడికీ పోదు."

పోయిన ఎండాకాలంలో ఆమే పోయారు.

ఈ హోటల్ వాళ్ల కొత్త హాలుకూ సున్నపు కమానే కడుతున్నాను. నిన్న పొద్దున కూడా చూసి వచ్చాను. బొటనవేలు చాచి యజమానికి చూపించాను. గోటి కింద తెల్లగా ఉంది.

"ఇంకా దిగుతోందండీ" అన్నాను. ఆ 'అండీ' నాది కాదు.

ఆయన నా వేలు చూశాడు, కిటికీలోంచి ఆ కప్పును చూశాడు. ఫోన్ తీసి మేనేజరును కార్డులు ఆపమన్నాడు. "ఫికర్ చెయ్యకున్రి. మరీ లేటైతే బాదుల నడుమ బల్లలు ఎట్ల వెయ్యాల్నో మావోళ్లకు ఎరుకనే" అని నవ్వాడు.

నాకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. పచ్చిమిరపకాయ ఘాటని చెప్పి, గిన్నె ఎత్తి మొత్తం తాగేశాను.