దర్శి బోర్డు మీద మొదటి పాట

మొన్న మా అమ్మాయి కూతురు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, "నానీ, నీ కాలం పాటలకు ర్యాంకులిచ్చారు చూడు" అంది. రెండు వేల సంవత్సరం వచ్చే ముందరి ఏడాదిలో అన్నిటికన్నా గొప్పగా మోగిన పది పాటలట. అప్పటికి పుట్టాడో లేదో తెలియని కుర్రాడొకడు టోపీ తిప్పి పెట్టుకుని, పదో పాట దగ్గర మొదలెట్టి ఒకటో పాట దాకా తీర్పు చెప్పేస్తున్నాడు. కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చూశాను. మా పాట ఒకటోది కాదు సరికదా, పదోది కూడా కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. పాట కోసం ఇంత కోపమా అని పిల్ల నవ్వింది గానీ, క్యాసెట్టులో పెన్సిలు పెట్టి రీలు తిప్పిన నా ఈడు వాళ్లకైతే నా మంట తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

మా ఆయనకు దర్శి బస్టాండు దగ్గర క్యాసెట్ల కొట్టుండేది. ముందు గదిలో ఆయన, మధ్యలో పూల గుడ్డ పరదా, వెనక గదిలో నేను, నాతో పాటు రెండు టేపు డెక్కులు. జనం ఖాళీ క్యాసెట్టు ఇచ్చి కావలసిన పాటలు చెప్పి పోతే, వాటిని వెతికి రికార్డు చేసేది నేనే. చివరి పాట సగంలో తెగిపోకుండా, ఏ పాట పక్కన ఏది ఇముడుతుందో చూసుకుని పేర్చడం ఒక పని, అది అందరికీ చేతకాదు, గొప్ప కోసం చెప్పడం లేదు. మా పక్క కొట్టు దర్జీ ఒకాయన రెండు వైపులా ఏడుపు పాటలే నింపించుకుని, వాటికి తాళంగా మిషను తొక్కుతూ పెళ్లిబట్టలు కుట్టేవాడు. దాచేపల్లి సిమెంటు లారీల డ్రైవర్లు ఏం అడుగుతారో, కాలేజీ పిల్లలు సిగ్గుపడుతూ ఏం అడుగుతారో అన్నీ పరదా వెనక నుంచి వినేదాన్ని. బేరం ఆయనదైతే చెవి నాది.

ఏడాది ఆఖరున మా కొట్టు ముందు నల్లబోర్డు ఒకటి వేలాడదీసి, ఆ ఏటి పది పాటలు వరసగా సుద్దముక్కతో రాయడం మాకు ఆనవాయితీ. ఊళ్లో దానికి మంచి పరపతి ఉండేది. టీ తాగడానికొచ్చిన వాళ్లు బోర్డు ముందు నిలబడి వాదులాడుకునేవాళ్లు. వరస కట్టేది నేనని, నేను లోపల నుంచి చెబితే ఆయన రాస్తాడని ఎవరికీ తెలియదు. తెలియాలని నాకూ ఎప్పుడూ అనిపించలేదు, రెండు వేలకు ముందరి ఆ ఏడాది దాకా.

ఆ ఏడు నేను మొదట పెట్టించిన పాట, వారం కూడా ఆడని సినిమాలోది. సినిమా ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. చేలో పని చేసే ఆడమనిషి పొద్దుతో పోట్లాడే పాట అది. ఇంకో సాలు కోసి పొమ్మని, ఇంకో గంప నింపి పొమ్మని పొద్దు బతిమాలుతుంటే, ఇంటి దగ్గర చంటిది ఏడుస్తోందని చెప్పి ఆమె ప్రతిసారీ చివర "ఊహూఁ" అంటుంది. అంతే పాట. ఆ ఏటి మొదట్లో మిరప కల్లాల్లోకి వెళ్లింది. ఎండిన కాయల మధ్య వరసలుగా కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరే ఆడవాళ్లు, టేప్ రికార్డర్‌లో ఆ మాట వచ్చేసరికి అందరూ ఒక్క గొంతుతో "ఊహూఁ" అనేవాళ్లు. ఒకసారి కారానికి కాయలు తెచ్చుకుందామని వెళ్లి, ఆ కేక నా చెవులారా విన్నాను. గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న రైతు కూడా తలొంచుకుని నవ్వుకున్నాడు. పత్తి తీతల కాలానికి మిగతా పాటలన్నీ మాసిపోయాయి, ఇది మాత్రం చేలల్లో వినిపిస్తూనే ఉంది. మరి మొదటి పాట ఇది కాక ఇంకేది?

బోర్డు పెట్టిన మర్నాడే ఒక పెద్ద హీరో అభిమాన సంఘం వాళ్లు దిగారు. వాళ్ల హీరో డాన్సు పాట రెండో వరసలో ఉంది. సంఘం అధ్యక్షుడు పక్క ఊరి మిరప రైతు కొడుకు, మా కొట్టుకు పెద్ద గిరాకీ అతనే. "ఏం భాయ్, పోస్టరు కూడా చిరగని సినిమా పాట ఒకటోదా? మా పాట పైకి రాకపోతే మీ కొట్టు మెట్టు ఎక్కం" అని తెగేసి చెప్పాడు. మా ఆయన మెత్తని మనిషి. కొట్టు మీదే మా బతుకు, సంఘం మొత్తం రావడం మానేస్తే అద్దె కట్టలేం. తడిగుడ్డతో మొదటి రెండు వరసలు తుడిచేసి, పరదా పక్కకొచ్చి, ఒకటికీ రెండుకీ పెద్ద తేడా ఏముందిలే అని గొణిగాడు.

"ఊహూఁ" అన్నాను నేను.

అని ఊరుకోలేదు. పరదా తోసుకుని ముందుకొచ్చాను. కొట్టు పెట్టినప్పటి నుంచీ గిరాకీ వేళ ఆ గడప దాటింది లేదు. మా ఆయన చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, అందరూ చూస్తుండగా ఆ పాటను మళ్లీ మొదటే రాశాను. వరస కట్టేది నేను, అడగాల్సింది నన్ను అన్నాను. అక్షరాలు వంకర పోయాయి, అయినా దూరానికి బాగానే కనబడ్డాయి. కుర్రాళ్లు బండ్లెక్కి పోయారు.

పోయినవాళ్లు రాలేదు. కొట్టు బోసిపోయింది. మా ఆయన ఖాళీగా కూర్చుని క్యాసెట్ల డబ్బాలు తుడిచినవే తుడుస్తుండేవాడు. బోర్డు దించేద్దామా అని నాకూ ఒకటి రెండుసార్లు అనిపించింది, దించలేదు.

కల్లాలు నిండిన రోజుల్లో ఒక పొద్దున మబ్బు పట్టింది. మా కొట్టు ముందు ఒక బండి ఆగింది. వెనక నుంచి దిగిన పెద్దాయన అధ్యక్షుడి తండ్రి, బండి తోలుకొచ్చింది అధ్యక్షుడే. "సాయిబు గారూ, ఆ ఊహూఁ పాట ఉందా? తొందరగా ఇవ్వండి" అన్నాడాయన ఆయాసపడుతూ. సంగతేమిటంటే, ఆ పాట క్యాసెట్టు అరిగిపోయిందని తీసేసి కొడుకు తమ హీరో క్యాసెట్టు పెట్టాడట. ఆడవాళ్ల ముఠా మేస్త్రి కాసేపు విని, "అబ్బాయి పాట అబ్బాయినే వినమనయ్యా, మా పాట లేకపోతే మేం పక్క కల్లానికి పోతాం" అని లేచి నిలబడిందట. చినుకు పడేలోపు కాయ ఎత్తకపోతే ఏడాది కష్టం నల్లబడిపోతుంది. రికార్డు చేసేంత తీరిక లేదు. రెండు వైపులా ఆ ఒక్క పాటే నింపి నా కోసం దాచుకున్న క్యాసెట్టు ఉంటే, నేనే పరదా దాటి వచ్చి పెద్దాయన చేతిలో పెట్టాను. బోర్డు వైపు చూడకుండా ఉండటానికి అధ్యక్షుడు బండి అద్దం తుడుస్తూ చాలా పాట్లు పడ్డాడు. ఆ వారంలోనే సంఘం మళ్లీ మా మెట్టెక్కింది, బోర్డు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడా కొట్టు లేదు, డెక్కులు పాత ఇనుప సామాన్లలో పోయాయి. మొన్నటి కాపుకు కాయలు కొందామని మళ్లీ ఒక కల్లానికి వెళ్లాను. ఆడవాళ్లు అలాగే వరసగా కూర్చున్నారు, కానీ ఎవరి ఫోను వాళ్ల నడుముకు, ఎవరి పాట వాళ్ల చెవిలో. ఒకామె నవ్వుకుంటోంది, ఒకామె కళ్లొత్తుకుంటోంది. పొద్దు వాలాక రైతు వచ్చి, ఆ కుప్ప కూడా ఏరి వెళ్లమన్నాడు. ఒక్కొక్కరే చెవుల్లో తీగలు లాగి, ఏమన్నాడని పక్కవాళ్లను అడిగి, మళ్లీ తలొంచుకుని ఏరడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పు పట్టను, ఎవరికి నచ్చింది వాళ్లు వినాల్సిందే. కానీ అంతమందీ ఒక్కసారి వద్దనాలంటే, ముందు అంతమందీ ఒక్క పాట వినాలి కదా అని ఇంటికొచ్చే దాకా అనిపిస్తూనే ఉంది.

నా ముఖం చూసి మనవరాలికి జాలేసినట్టుంది. ఆ టోపీ కుర్రాడికి కామెంటు రాస్తానని, కనీసం పదో పాటగానైనా చేర్చమని అడుగుతానని ఫోను చేతిలోకి తీసుకుంది.

ఊహూఁ అన్నాను. రాస్తే ఒకటోదని రాయి, లేకపోతే మానెయ్.