నేలబావిలో శవాసనం

యాభైల్లో మాట. నేనప్పుడు విజయనగరంలో ఓ హైస్కూల్లో డ్రిల్లు మాష్టారిని. పిల్లలకి ఆసనాలూ ప్రాణాయామమూ నేనే నేర్పేవాణ్ణి. ఊపిరి బిగబట్టడంలో నన్ను మించినవాడు జిల్లాలోనే లేడని నాకో నమ్మకం. ఆ నమ్మకం కాస్తా ఓ ఆదివారం భీమిలిలో ఊడిపోయింది. మా హిందీ మాష్టారు అలకి చిక్కి కొట్టుకుపోతుంటే, నేను మోకాళ్ళు తడవకుండా ఒడ్డున నిలబడి కేకలు పెట్టాను. ఈత రాదు మరి. ఎవరో జాలరి దూకి ఆయన్ని లాక్కొచ్చాడు. హిందీ మాష్టారు తరవాత నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నన్ను తినేసింది. మళ్ళీ జన్మలో అలా ఒడ్డున నిలబడకూడదనుకున్నాను.

వేసవి సెలవులివ్వగానే ఈత నేర్చుకుందామని చోడవరంలో అక్కావాళ్ళింటికి బయల్దేరాను. బావ చెరకు రైతు. పొలంలో నేలబావి ఉంది. అడుగుకి మునిగి, జారిపడ్డ బిందెలు తెచ్చిపెట్టేంత ఈతగాడని ఆయనకి చుట్టుపక్కల పేరు. బావి అనగానే మా ఆవిడ ముఖం మాడ్చుకుంది. బావ పక్కనే ఉంటాడని చెప్పి ఒప్పించాను.

పొద్దున్న ఆరుంబావుకి పాసింజరు. వాల్తేరులో ఇంజను విప్పి రెండో కొసకి తగిలించడానికి అరగంట పట్టింది. ఆ వ్యవధిలో రెండిడ్లీ తిని కాఫీ తాగాను. ఎవరైనా వెళ్తే అక్కడే తినండి, అనకాపల్లి దాకా ఆగితే ఎండకి ఆకలి చచ్చిపోతుంది. అనకాపల్లిలో దిగేసరికి పది దాటింది. చోడవరం బస్సు పదకొండుకన్నారు గానీ, డ్రైవరు తీరిగ్గా భోంచేసి వచ్చి పన్నెండుకి కదిపాడు. టిక్కెట్టు ఆరణాలు. పక్కన కూర్చున్న ముసలి రైతు నా సంచిలోంచి పైకి తేలిన జింక చర్మం చూసి, "ఏటి బాబూ, యాటకెళ్ళేరేటి?" అన్నాడు.

"దానిమీద కూర్చుని ఊపిరి బిగబడతానండి."

"ఊపిరాడ్డానికే మేం మందులు తింతన్నాం. బిగబట్టడం కూడానా," అని తువ్వాలు మొహమ్మీద కప్పుకుని పడుకున్నాడు.

ఒంటిగంటకి ఇల్లు చేరాను. అక్క వేడన్నం, ఆనపకాయ పులుసు వడ్డించింది. బావ దగ్గు నాకు వీధిలోంచే వినిపించింది. బెల్లం పొయ్యి పొగకి ఉబ్బసం పట్టిందట. నీళ్ళలో దిగకూడదని అక్క ఒట్టు వేయించుకుంది. "గట్టుమీంచి సెప్తాను లే బావా. నోరుకి ఉబ్బసం లేదు గదా," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్న నేను అరుగు మీద ఆసనాలు వేస్తుంటే బావ వచ్చి చూసి, "ముక్కు మూసుకుని కూకుంటే బెల్లం ఉడుకుద్దా మాష్టారూ?" అని నవ్వాడు. నవ్వితే దగ్గు తెర వచ్చింది. కంగారుపడి గాలి పీలుస్తున్నాడు గాని, వదలడం లేదు. వీపు నిమిరి, మెల్లగా పూర్తిగా వదలడం నేర్పాను. దగ్గు పోలేదు గాని కంగారు తగ్గింది. ఆ రోజునించీ అయిదింటికల్లా నా పక్కన చాప పరుచుకునేవాడు.

పదకొండింటికి ఏతం తొక్కేవాళ్ళు అంబలికి వెళ్ళాక బావి మాది. పిట్టగోడ లేని పెద్ద బావి, ఓ పక్క రాతిమెట్లు. ఎండిన ఆనప బుర్రలు రెండు నా వీపున కట్టి, నడుముకి తాడు బిగించి, కొస తను పట్టుకునేవాడు బావ. బుర్రలున్నంతసేపూ నేను దొరబాబులా తేలేవాణ్ణి. నాలుగోరోజు అవి విప్పేశాడు. తాడుందన్న ధైర్యంతో నాకొచ్చిన విద్యంతా చూపించాను. ఊపిరి మొత్తం బయటికి వదిలి, గడ్డం గుండెకి ఆన్చి, పొట్ట లోపలికి లాగి బిగబట్టాను. ఇసక బస్తాలా కిందికి పోయాను.

తాడు లాగుతాడనుకున్నాను. సరిగ్గా అప్పుడే బావకి దగ్గు తెర వచ్చి, తాడు వదులైపోయింది. కాళ్ళకి బురద తగిలింది. చెవుల్లో హోరు. ఇక అయిపోయింది అనుకున్నాను. అంతలో ఎవరో జుట్టు పట్టుకుని పైకి ఈడ్చారు. మెట్లమీద పడి దగ్గి దగ్గి కళ్ళు తెరిస్తే, గోచీ పోసిన చీరతో నిలువెల్లా తడిసి మా అక్క. అన్నం క్యారేజీ గట్టుమీద దొర్లుతోంది.

"నీకు ఈతెప్పుడొచ్చిందే అక్కా?"

"పెళ్ళైన రెండో ఏడు మీ బావ బిందె కోసం ఇందులో దిగి ఎంతకీ రాలేదురా. గట్టు మీద నిలబడి గోలెట్టేను. ఇంకేటి సెయ్యగలను? ఆయన నవ్వుకుంటా పైకొచ్చేడు గానీ నా పేనం పోయింది. మర్నాడే నేర్పమన్నాను. అమ్మకి సెప్పకు. నూతిలోకి తొంగి సూడనిచ్చేది కాదు మనల్ని."

భీమిలి సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పనివాణ్ణి, అక్కడే ఆమెకి చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "లే, దిగు," అంది.

ఆ రోజునించీ నాకు గురువు అక్కే. "గాలంతా వదిలీసి తేల్తానంటే ఎలాగరా? గుండె నిండా దాసుకో. గెడ్డం పైకెత్తి ఆకాశం సూడు. తెల్లారి అరుగు మీద సచ్చినోడిలా పడుకుంటావు గదా, అలా పడుకో. ఇక్కడ కూడా మాష్టారీ సెయ్యకు."

అదే శవాసనం. 'ఒళ్ళు వదిలెయ్యండి' అని ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పినవాణ్ణి, నా మెడ ఎంత బిగదీసుకుని ఉందో నాకే తెలీదు. చాప ఆ సంగతి చెప్పదు. నీళ్ళు వెంటనే చెప్పేస్తాయి. ఆరోరోజు మధ్యాహ్నం, గుండె నిండా గాలితో, అక్క అరచెయ్యి నా వీపు కిందనించి ఎప్పుడు తీసేసిందో తెలియకుండా తేలాను. అంత సుఖం మళ్ళీ ఎరగను.

పదోరోజు బావ ఒక్క మునక వేస్తానని బతిమాలాడు. అక్క నా మొహం చూసింది. పొద్దుటినించీ దగ్గు లేదు, సరేనన్నాను. "నీ ఊపిరి తేలడానికి పనికిరాదు గానీ మునగడానికి బెమ్మాండం బావా," అంటూ నేను నేర్పినట్టే సగం గాలి మెల్లగా వదిలి దిగిపోయాడు. నేను అంకెలు లెక్కపెట్టాను. ఇరవై దాటాక ఓ పాచిపట్టిన కంచు చెంబుతో పైకొచ్చాడు. ఆ ఇరవై అంకెలూ అక్కా నేనూ నీళ్ళలోనే ఉన్నాం. గట్టు మీద ఎవరూ లేరు.

పన్నెండోరోజు ఏడింటి బస్సుకి నన్నెక్కించడానికి ఇద్దరూ వచ్చారు. అక్క బెల్లం మూట, దానితోపాటు ఆ రెండు బుర్రలూ నా ఒళ్ళో పెట్టింది.

"నాకింకెందుకే?"

"నీక్కాదు, మరదలికి. ఒడ్డున నిలబడి ఏడ్చీది ఎప్పుడూ మా ఆడోళ్ళేరా. దానికీ నేర్పు."

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. అక్క పోయి చాలా ఏళ్ళైంది. నాకు మాత్రం చోడవరమంటే ఇప్పటికీ వీపు కింద ఆ అరచెయ్యే.

అనకాపల్లిలో తొమ్మిదిన్నరకి రైలు. పెట్టె కిటకిటలాడుతోంది. బుర్రలు ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళోనే పట్టుకున్నాను. ఎదుటి బల్లమీదాయన చాలాసేపు చూసి, "తంబురాకా అండీ?" అన్నాడు.

అవునంటే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదండీ. మా ఆవిడకి ఈత నేర్పడానికి," అన్నాను.

పెట్టెలో మగవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నేను సిగ్గుపడలేదు. మూలనున్న ఓ ముసలమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యి చాపి ఓ బుర్ర తీసుకుంది, చేత్తో తూచి చూసింది, వేళ్ళతో తట్టింది.

"బాబూ," అంది మెల్లగా, "ఇది నా బరువు ఆపుద్దా?"