మా గల్లీ మగవాళ్లు నీళ్లు పట్టిన రోజు

మా చిన్నప్పుడు నల్లా రాబోయే ముందు గురగురమని గాలి కొట్టేది... ఆ చప్పుడు వినగానే మెట్టుగూడలో మా గల్లీ ఆడవాళ్లంతా బిందెలతో బయటికి వచ్చేవారు. తాగడానికి ఇత్తడి బిందె, వంటకి స్టీలు బిందె, స్నానాలకి గంగాళం... గంగాళం అనే మాటంటే నాకు ఇప్పటికీ ఇష్టం. పలికితే చాలు, నీళ్లు తొణికినట్టుంటుంది.

నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ సరిగ్గా బడి వేళకి. అమ్మ పట్టేది, అక్క లోపలికి మోసేది. అక్క అప్పుడు పదో తరగతి. మొదటి పీరియడ్ లెక్కలు. నల్లా వచ్చిన ప్రతిరోజూ ఆ క్లాసు పోయేది... లెక్కల్లో తప్పుతానేమోనని దానికి ఒకటే దిగులు.

గల్లీ కమిటీలో అందరూ మగవాళ్లే. నల్లా టైం మార్పించమని నాన్న అక్కడ అడిగితే, కమిటీ పెద్ద యాదగిరి మామ, "ఇన్నేండ్ల సంది గిట్లనే వస్తున్నయి గదా, ఏం తక్లీఫ్ అయితుంది?" అన్నాడట.

ఇబ్బందేముందన్న ఆ మాట వాళ్లావిడ లక్ష్మత్త చెవిన పడింది. "తక్లీఫ్ లేదంటున్నరు గద వదినా... ఒక్కపారి వాళ్లనే పట్టనిద్దాం" అంది అమ్మతో.

తర్వాతి నల్లా రోజున, అక్కని బడిలో దింపి వస్తామని గల్లీ ఆడవాళ్లంతా కట్టకట్టుకుని బయల్దేరారు.

"ఒక్క పిల్లను దింపనీకె ఇంతమందా?" అన్నాడు నాన్న.

"పెద్ద పరీక్షల పిల్ల గద" అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

నా బడికి ఇంకా టైముంది కాబట్టి మిగతా వైభోగమంతా కళ్లారా చూశాను. నల్లా తిప్పగానే ముందు తుప్పు నీళ్లు వస్తాయి. వాటిని వాకిలి కడగడానికి బకెట్లలో పట్టి, తేటపడ్డాకే తాగే బిందె పెట్టాలి. ఆ సంగతి మా మగవాళ్లలో ఒక్కరికీ తెలియదు... అందరూ ముందు ఇత్తడి బిందెలే పెట్టారు.

"ఏందిరా, నల్లాల చాయ్ వస్తుంది?" అని యాదగిరి మామ బిందెలోకి తొంగి చూశాడు.

పారబోసి, తోమి, మళ్లీ పెట్టేసరికి ధార సన్నబడింది. నాన్న బిందెని చంకనెత్తుకోబోయి లుంగీ మొత్తం తడుపుకున్నాడు. గంగాళం సగం కూడా నిండకముందే నల్లా ఆగిపోయింది.

ఆడవాళ్లు తీరిగ్గా తిరిగొచ్చారు. "తక్లీఫ్ ఏమన్న అయిందా?" అని లక్ష్మత్త మెల్లగా అడిగింది.

యాదగిరి మామ తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "జెర అయింది" అన్నాడు. గల్లీ గల్లీ అంతా ఒకటే నవ్వు...

ఆ వారం కమిటీ మీటింగుకి ఆడవాళ్లని కూడా పిలిచారు. నీళ్ల ఆఫీసుకి అమ్మా, లక్ష్మత్తా స్వయంగా వెళ్లి మాట్లాడారు. కొన్నాళ్లకి నల్లా సాయంత్రానికి మారింది. ఆ తర్వాత నీళ్ల కోసం అక్క ఒక్క లెక్కల క్లాసూ మానలేదు.

ఇప్పుడు ఇంటింటికీ సంపు, మోటరు... మీట నొక్కితే నీళ్లు. సుఖమే, కానీ గల్లీ అంతా ఒక్కచోట చేరి నవ్వే పొద్దులు లేవు.

మీ ఇంట్లో నీళ్లు ఎవరు పట్టేవారు? ఆ వేళకి వాళ్లు ఏం మానుకుని వచ్చేవారో ఎప్పుడైనా అడిగారా...? అడిగి, ఇక్కడ రాయండి.