విడాకులాయన

పేషెంటు చేతికి రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడత మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, సూది మూత తీస్తూ ఆయన ఎప్పుడూ ఒకే మాట అనేవాడు.

"వాళ్లిద్దరూ కలవకపోవడమే మంచిదైంది లెండి. కలిసుంటే విడాకులే."

మా ల్యాబ్‌లో రక్తం తీసే పని ఆయనది. ముప్ఫై ఏళ్లుగా అదే కుర్చీ పక్కన అదే స్టూలు మీద కూర్చుని తీస్తున్నాడు. నేను ఆరేళ్ల క్రితం చేరి ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. బాబాయ్ అని పిలిచేదాన్ని. మనిషి నెమ్మది, చేయి తేలిక. ఉన్న పిచ్చి ఒక్కటే. సినిమాల్లో కలవకుండా పోయిన ప్రేమజంటలు ఒకవేళ కలిసి ఉంటే ఎన్నాళ్లకు విడిపోయేవాళ్లో చెప్పేవాడు. నెలలతో సహా చెప్పేవాడు.

ట్యూబు మీద కాగితం అంటిస్తూ పేరు అడుగుతాడు. వయసు అడుగుతాడు. ఏమైనా తిని వచ్చారా అని అడుగుతాడు. నాలుగో ప్రశ్న ఇంకే ల్యాబ్‌లోనూ ఉండదు.

"కలవకుండా పోయిన జంటల్లో మీకు బాగా ఇష్టమైన జంట ఏది?"

గడియారాలు బాగుచేసే ఆయన ఒకరు ఆ ప్రశ్నకి కాసేపు ఆలోచించాడు. "రైలు గేటు కాపలావాడూ, పాటలు పాడే అమ్మాయీ. చివర్లో గేటుకి అటొకరు ఇటొకరు నిలబడతారు చూడండి. గూడ్సు బండి వెళ్లిపోయేసరికి అమ్మాయి ఉండదు."

"అదృష్టవంతుడు."

"ఎవరు?"

"గేటువాడు. ఆ పిల్ల తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన మొదలుపెడుతుంది. వాడు రాత్రంతా డ్యూటీ చేసి అప్పుడే వచ్చి పడుకుంటాడు. ఎన్నాళ్లు సాగుతుంది?"

"ప్రేమ ఉన్నచోట నిద్ర ఎందుకండీ?"

"రెండు నెలలు అక్కర్లేదు. మూడో నెల నుంచి కావాలి. ఎనిమిదో నెలలో విడాకులు."

"మీరసలు మనిషేనా?"

"దూది గట్టిగా పట్టుకోండి. అయిపోయింది."

గడియారాలాయన దూది పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "ఆ అమ్మాయి సాధన సాయంత్రానికి మార్చుకునేది," అన్నాడు.

"మార్చుకోదు," అన్నాడు బాబాయ్, తర్వాతి ట్యూబు మీద కాగితం అంటిస్తూ.

ఆయన అసలు పేరు పేషెంట్లలో ఎవరికీ తెలియదు. ఫోన్ చేసి "విడాకులాయన ఉన్నాడా?" అని అడిగేవాళ్లు. ఉన్నాడంటే సగం మంది వచ్చేవాళ్లు. సగం మంది ఇంకా సిద్ధం కాలేదని చెప్పి రేపు వస్తామనేవాళ్లు.

పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్లు మామూలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మా ముందు గదిలో అలా ఉండేది కాదు. లోపలి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ మోచేయి మడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని బెంచీ మీద కూలబడేవాళ్లు.

"నర్సుకీ సైనికుడికీ మూడేళ్లన్నాడండీ."

"మీకు నయం. మాకు నాలుగు నెలలే ఇచ్చాడు."

"ఎవరికి?"

"సర్కసులో వాళ్లకి."

"వాళ్లకి నాలుగు నెలలా? ఆ అబ్బాయి తాడు మీంచి దూకింది ఎవరి కోసం?"

"అదే అడిగాను. ఇంట్లో కూడా మాటిమాటికీ దూకుతానంటాడు, ఎవరు భరిస్తారు అన్నాడు."

బెంచీ మొత్తం నిట్టూర్చేది. సర్కసు వైపు ఇద్దరు, నర్సు వైపు ముగ్గురు చేరేవాళ్లు. రిపోర్టులు తీసుకుని కూడా కదిలేవాళ్లు కాదు.

ఒక గుమస్తా రెండు పేజీల జవాబు రాసుకుని వచ్చాడు. "చదవండి, వింటాను," అన్నాడు బాబాయ్. గుమస్తా ఒక చేత్తో కాగితాలు పట్టుకుని చదివాడు. రెండో పేజీ సగంలో ఉండగానే ఇంకో చేతి నుంచి రక్తం తీయడం అయిపోయింది. చివరి వాక్యం చదివి, కాగితాలు మడిచి, "ఇక తీయండి," అన్నాడు గుమస్తా.

ఒకావిడ డాక్టరు చీటీ లేకుండానే వచ్చింది. ఏం పరీక్ష రాయమంటారమ్మా అని అడిగాను. "ఏదో ఒకటి రాయి. ఆయన్ని నాలుగు మాటలు అనాలి," అంది.

అందరిలోకీ గట్టి మనిషి లెక్కల టీచరుగారు. రిటైరై ఆరేళ్లయింది. గుండె జబ్బుకి రక్తాన్ని పల్చగా ఉంచే మాత్ర వాడుతోంది. ప్రతి మంగళవారం రక్తం పరీక్షించి, ఆ వారం మాత్ర ఎంత వేసుకోవాలో చెప్పాలి. ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. ఆవిడకి సూదంటే భయం. భయపడిందంటే ఆవిడ నరాలు లోపలికి వెళ్లి దాక్కునేవి. మా దగ్గరికి రాకముందు వేరేచోట ఒక్క పూటలో ఐదుసార్లు గుచ్చారు. మొదటిసారి మా కుర్చీలో కూర్చున్నప్పుడు రెండు చేతులూ కమిలి నీలంగా ఉన్నాయి.

ఆవిడ జంట పడవవాడూ, దీపస్తంభం కాపలాదారు కూతురూ. తుఫానులో దీపం ఆరిపోతుంది. పడవవాడికి ఒడ్డు కనిపించదు. అమ్మాయి లాంతరు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి నడుస్తుంది. పడవ ఒడ్డుకి చేరుతుంది. అమ్మాయి చేరదు.

"ఈత రాని పిల్ల నీళ్లలోకి ఎందుకు దిగాలండీ?" అన్నాడు బాబాయ్ మొదటి మంగళవారమే.

"ప్రేమ."

"ఒడ్డు మీదే నిలబడి లాంతరు ఊపొచ్చు కదా. అలాంటి పిల్లతో కాపురం కష్టం టీచరుగారూ. ఇంట్లో ఉప్పు అయిపోతే సముద్రంలోకి వెళ్తుంది."

"ఇది ఊహ. రుజువు కాదు."

"రుజువు వచ్చే వారం ఇస్తాను. చేయి మడవండి."

అలా ఏడాదిన్నర. ప్రతి మంగళవారం ఆవిడ కొత్త వాదన తెచ్చేది. ఈయన కొత్త రుజువు ఇచ్చేవాడు. ఆవిడ భర్త గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి నాతో మొరపెట్టుకునేవాడు.

"ఆదివారం నుంచే కసరత్తు మొదలవుతుందమ్మా. వంటింట్లో గరిటె ఊపుతూ ఒకటే వాదన. అన్నది నేను కాదే బాబూ అని రోజుకి పదిసార్లు చెప్పుకోవాల్సి వస్తోంది."

ఇంతలో ఒక ఫిర్యాదు వచ్చింది. కుర్చీలూ బల్లలూ అమ్మే షావుకారు ఒకాయన నేరుగా మా డాక్టరుగారి గదిలోకి వెళ్లాడు. ల్యాబ్ ఆ డాక్టరుగారిదే. నవ్వు చాలా పొదుపుగా వాడే మనిషి.

"పెళ్లికి ముందు మా ఆవిడా నేనూ కలిసి చూసిన మొదటి సినిమా అండీ అది. అందులో జంట ఆరు నెలల్లో విడిపోయేవాళ్లని అన్నాడు మీ మనిషి. కారణం కూడా చెప్పాడు. ఆ అబ్బాయి ఎదుటి మనిషి మాట వినకుండానే ఊఁ కొడతాడట."

"అయితే?"

"మా ఆవిడ పక్కనే ఉంది. అప్పటినుంచి నేను ఊఁ అన్నప్పుడల్లా తనేం చెప్పిందో తిరిగి చెప్పమంటోంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను."

డాక్టరుగారు బాబాయ్‌ని పిలిచారు. ఇది ల్యాబ్ అని గుర్తు చేశారు. ఇంకొక్కసారి అలాంటి మాట వినిపిస్తే ఉద్యోగం ఉండదని చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన్ని లోపలి గదిలో మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, రక్తం తీసే స్టూలు నాకిచ్చారు. గోడకి ఒక బోర్డు తగిలించారు. 'ఇక్కడ సినిమాల గురించి మాట్లాడరాదు.'

బాబాయ్ సరే అన్నాడు. తన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బెంచీలు మూగబోయాయి. వచ్చినవాళ్లు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. రెండో రోజు, జనానికి కసరత్తు నేర్పే మనిషి ఒకాయన నా చేతిలో సూది చూసి మెల్లగా పక్కకి ఒరిగాడు. ఆయన్ని లేపడానికి నలుగురం పట్టాం. నాకు పని రాదని కాదు. అంతకుముందు నా చేతి మీద ఎవరూ స్పృహ తప్పలేదు. అప్పుడు పక్కనే బాబాయ్ ఎవరితోనో ఏదో ఒక పోట్లాటలో ఉండేవాడు.

మంగళవారం టీచరుగారు వచ్చింది. చుట్టూ చూసింది.

"ఆయనేరీ?"

నేను బోర్డు చూపించాను. పిల్లవాడు తప్పు చేసిన లెక్క చూసినట్టు ఆవిడ దాన్ని పైనుంచి కింది దాకా చూసింది. చేయి చాపింది. చేయి చల్లగా ఉంది. ఎంత తట్టినా నరం తగల్లేదు. ఉందనుకున్నచోట గుచ్చాను. రాలేదు.

"భయపడకండి టీచరుగారూ."

"ఆ మాట అనకు."

ఇంకో చేయి చూశాను. అక్కడా రాలేదు. ఆవిడ జాకెట్టు చేయి కిందికి లాక్కుని లేచి నిలబడింది.

"ఇక చాలమ్మా. ఈ వారమే కాదు, ఇక నేను రాను. పోయినవారం వేసుకున్నన్ని మాత్రలే వేసుకుంటాను. ఏదైతే అదవుతుంది."

"అలా అనకే. డాక్టరుగారు ఏం చెప్పారు?" అన్నాడు భర్త.

"చేయి నీదైతే తెలిసేది."

డాక్టరుగారు అప్పుడే రిపోర్టుల మీద సంతకాలు పెట్టడానికి బల్ల దగ్గరికి వచ్చారు. టీచరుగారు ఆయన్ని చూసి కూడా ఆగలేదు. గుమ్మం దాకా వెళ్లింది. లోపలి గదికీ మాకూ మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డు మాత్రమే. దాని వెనక నుంచి గొంతు వినిపించింది.

"పోనివ్వమ్మాయ్. పడవవాడు మాత్రం ఏం ఆగాడు గనక? ఏడాది తిరక్కుండా ఇంకో ఊళ్లో ఇంకో పిల్లని చేసుకుని ఉంటాడు."

డాక్టరుగారి కలం ఆగింది. టీచరుగారు వెనక్కి తిరిగింది.

"ఏమన్నారు?"

"ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి ఈత నేర్పించి ఉంటాడు."

"ఎవరు, వాడా? బతికినన్నాళ్లూ ఆ ఒడ్డునే దీపం వెలిగించినవాడా?"

"ఉద్యోగం కదండీ. దీపస్తంభం ముసలాయన పోయాక ఖాళీ వచ్చింది. చేరాడు."

"ఉద్యోగమా?"

టీచరుగారు నడిచి వచ్చి, చెక్క అడ్డుకి ఎదురుగా కుర్చీ తిప్పుకుని కూర్చుంది. కుడిచేతి వేలు అడ్డు వైపు చూపిస్తూ, ఎడమచేయి నా బల్ల మీద పడేసింది. మోచేతి మడతలో నరం పెన్సిలుతో గీసినట్టు పైకి తేలి ఉంది.

"జీతానికి పనిచేసేవాడైతే తుఫాను వచ్చిన ప్రతిసారీ ఆ పిల్లలాగే లాంతరు పట్టుకుని నీళ్లలో నిలబడతాడా? చెప్పండి."

"ఓవర్‌టైము ఉండి ఉంటుంది."

"మీతో మాట్లాడడం నాదే తప్పు. వాడు ఆ పిల్ల చెప్పుల జత గుమ్మంలోంచి తీయనివ్వలేదు. అది కూడా ఉద్యోగమేనా?"

అడ్డు వెనక టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అయిపోయిందండీ," అన్నాను నేను.

టీచరుగారు తన చేయి వైపూ, నిండిన ట్యూబు వైపూ చూసింది. డాక్టరుగారు చెక్క అడ్డు వైపు చూశారు. "ఇటు రండి," అన్నారు.

బాబాయ్ వచ్చి నిలబడ్డాడు. ఉద్యోగం పోయిందనుకున్నట్టున్నాడు, టీ గ్లాసు కూడా తెచ్చుకున్నాడు.

"ఎన్నాళ్లుగా చేస్తున్నారు ఇలా?"

"మొదట్నించీనండి. భయపడకండి అంటే మనిషికి సూదే గుర్తొస్తుంది. కోపం వస్తే ఏమీ గుర్తుండదు."

"కోపం తెప్పించడానికి సినిమాలే దొరికాయా?"

"సొంతవాళ్లని అంటే మనసు కష్టపెట్టుకుంటారండి. లేనివాళ్ల కోసమైతే హాయిగా పోట్లాడతారు."

డాక్టరుగారు ఇంకో రెండు రిపోర్టుల మీద సంతకం పెట్టారు. "అమ్మాయ్, ఆ బోర్డు మీద క్యాలెండరు తగిలించు," అని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయారు.

టీచరుగారు కదల్లేదు. "మీ వైద్యం సంగతి నాకనవసరం. అసలు మీరు ఆ సినిమా సరిగ్గా చూశారా?"

"ఎప్పుడో చూశాను."

"పాత హాల్లో ఈ వారం ఉదయం ఆట అదే. రేపు పదకొండింటికి రండి. నా ఎదురుగా చూసి, అప్పుడు చెప్పండి ఉద్యోగమని. ఈ పిల్లనీ తీసుకురండి, సాక్షి ఉండాలి."

ఏ పోట్లాటకీ వెనకాడని మనిషి మొహం వాలిపోయింది. "రేపు శాంపిళ్లు చాలా ఉన్నాయండీ," అన్నాడు.

"ఇద్దరికీ సెలవిచ్చాను," అని డాక్టరుగారి గదిలోంచి వినిపించింది.

మరునాడు మేం వెళ్లేసరికే ఆయన హాల్లో ఉన్నాడు. చూపు ఆనదని చెప్పి మొదటి వరసలో ఒక్కడే కూర్చున్నాడు. టీచరుగారూ, భర్తా, నేనూ ఆరో వరసలో కూర్చున్నాం. సినిమా మొదలైంది. నేను తెర కంటే ఆయన్నే ఎక్కువ చూశాను. ఏడుపు వచ్చే ప్రతి చోటుకీ ఒక్క క్షణం ముందే జేబులోంచి రుమాలు తీసేవాడు. సినిమా కంఠతా వచ్చినవాడికి తప్ప అది సాధ్యం కాదు. అమ్మాయి లాంతరు ఎత్తేసరికి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. పాత కుర్చీ. కిర్రుమని ఆరో వరస దాకా వినిపించింది.

"టీచరుగారూ, చూశారా బాబాయ్—"

"చూడలేదు," అంది ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నువ్వూ చూడలేదు. వచ్చే మంగళవారం నాకు పోట్లాడడానికి మనిషి కావాలి."

లైట్లు వెలిగాయి. ఆయన లేచి ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఏసీ మరీ ఎక్కువ పెట్టారు," అన్నాడు. ఆ హాల్లో ఉన్నవి ఫ్యాన్లు.

"అవును, నాక్కూడా చలేసింది," అంది టీచరుగారు. "ఇప్పుడేమంటారు?"

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ బయటికి తీశాడు.

"తొందరేం లేదు. బాగా ఆలోచించుకుని మంగళవారం చెప్పండి. నేను వస్తాను," అని ఆవిడ భర్త చేతిలోంచి గొడుగు తీసుకుని బయటికి నడిచింది.

మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూశాను. బాబాయ్ మాతో రాలేదు. టికెట్ల కిటికీలోకి వంగి, రేపు కూడా ఇదే ఆడుతుందా అని మెల్లగా అడుగుతున్నాడు.