సందుకు అడ్డంగా పెట్టిన ట్రాక్టర్

ఎక్కడ మొదలు పెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. నాలుగో తరగతిలోనే బడి మానేసినవాడిని, తప్పులుంటే సర్దుకోండి. మిర్యాలగూడలో ఒక మధ్యాహ్నం నేను చేసిన పని రాస్తున్నాను. తొంభైలలో ఏ సంవత్సరమో సరిగ్గా గుర్తులేదు. వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజులు.

అప్పుడు నేను మోతె దగ్గర ఒక ఆసామి ట్రాక్టర్ నడిపేవాడిని. మిల్లు ముందు ట్రాక్టర్లన్నీ రోడ్డుకు ఎడమ పక్కన వరసగా ఆగేవి. ఒక్కోసారి వంతు రావడానికి రెండు రోజులు పట్టేది. వరసలోంచి బయటికొస్తే వంతు పోయినట్టే, మళ్ళీ చివరి నుంచి రావాలి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరం అదే నమ్మేవాళ్ళం.

ఆ వరస మధ్యలో ఒక సందు ఉంది. లోపల హమాలీల గుడిసెలు. సందు ముందు ఖాళీ వదలమని పొద్దున్నే కానిస్టేబుల్ చెప్పిపోయాడు. వదిలితే ఏదో ఒక బండి వచ్చి ఆ ఖాళీలో దూరుతుందని మా భయం. అందుకే ముందు బండి జరగగానే నేను ట్రాలీతో సహా సందుకు అడ్డంగా పెట్టేశాను. నా వెనక కోదాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన బండిని నా ట్రాలీకి ఆనించి ఆపాడు.

"ఏం తమ్ముడూ, చీమ కూడా దూరకుండా పెట్టావే!" అని నవ్వాడు.

"చీమ దూరినా వంతు అడుగుతదన్నా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అన్నాల వేళకు గుడిసెల మీద పొగ లేచింది. కాసేపటికి గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వచ్చి నా పక్కనే ఆగింది. సందులోంచి ఒకామె నా ట్రాలీ కింద నుంచి దూరి బయటికొచ్చింది.

"రెండు గుడిసెలు కాలినయే అన్నా! మూడోదానికి ఇంకా అంటుకోలే. జర బండి తియ్యే, నీ కాళ్ళు మొక్కుత!"

నేను వెనక్కి చూశాను. "అన్నా, నువ్వు జర ఎనుకకు జరుగు."

"నా వెనకాల బారెడు వరసుంది, ఎక్కడికి జరగమంటావయ్యా? నువ్వే రోడ్డు మీదికి తియ్యి" అన్నాడు కోదాడ పెద్దాయన.

"నేను తీస్తే నా వంతు పోతది. ముందలి బండిని జరగమనుండ్రి."

ముందు బండి మనిషి అన్నానికి పోయాడు. అది తెలిసి కూడా నేను దిగి, అతని కోసం అటూ ఇటూ చూశాను. ఆమె నా మడ్‌గార్డు మీద చేత్తో కొడుతూనే ఉంది. నాకు మాత్రం మా ఆసామి మొహమే కళ్ళ ముందుంది. వంతు పోగొట్టుకున్నానంటే ఏం తిడతాడో అని.

ఫైరింజన్‌లోంచి దిగిన ఒకాయన నా సీటెక్కాడు. "నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా? అవతల కొంపలు కాలుతుంటే వంతేందిరా నీకు?"

అప్పుడు తీశాను. మహా అయితే ఒక బీడీ కాల్చేంత ఆలస్యం. అంతలోనే మూడో గుడిసె కప్పు కూలింది. మనుషులకేమీ కాలేదు. మంట ఆరాక పైపు చుట్టుకుంటూ ఫైరింజన్ ఆయన, "ఇంకింత ముందుగాల వస్తే ఆ మూడోది దక్కేది" అన్నాడు. నన్ను చూసి అనలేదు. అయినా తల దించుకున్నాను.

వరస చివరికి పోదామని బండి తిప్పుతుంటే కోదాడ పెద్దాయన చెయ్యి ఊపాడు. నా జాగా అట్లాగే ఖాళీగా ఉంది. ఒక్కరూ దూరలేదు.

"ఎక్కడికయ్యా? నీ చోటు నీదే. నిప్పులార్పడానికి బండి తీసినోడి వంతు తింటామా మేము?"

నేను బండిని మళ్ళీ ఆ జాగాలోనే పెట్టాను.

మర్నాడు పొద్దున నా వంతు వచ్చింది. బస్తాలు దించడానికి ఒక హమాలీ వచ్చాడు. తలగుడ్డంతా పొగ వాసన. నేను ట్రాలీ మీద నిలబడి బస్తా అందిస్తున్నాను.

"నిన్న మాదే కాలింది, ఆ మూడోది" అన్నాడు. "బియ్యం, రేషన్ కార్డు, బట్టలు, అన్నీ ఖతం. నేను మిల్లులనే ఉంటిని, నాకు తెల్వనే తెల్వదు. ఎవడో సందుకు అడ్డం పెట్టి తియ్యలేదంట. నువ్వు సూసినవానే?"

"సూడలే" అన్నాను.

"ఏ ఊరోడో ఏమో" అని వెనక్కి తిరిగి వీపు వంచాడు. నేను బస్తా ఎత్తి ఆయన వీపు మీద పెట్టాను. ట్రాలీ ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉన్నాను.