ప్రైమర్ బకెట్

మాలిక్యులర్ బయాలజీ చదువుతున్నానంటే ఎల్లారెడ్డిలో మా వాడకట్టంతా ఒకటే ప్రశ్న: "అంటే రక్తపరీక్షలు జేసుడా?" కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఒకరోజు అవునన్నాను. అప్పట్నుంచి నేను ఇంటికి వస్తే చాలు, అవ్వలు వేలు చాపుకుని వచ్చేవాళ్లు, షుగర్ చూడమని. నా ఖర్మ!

మా నాన్న, అంటే మా బాపు, ఒక్కడే అలా అడగలేదు. ఆయన గోడలకు రంగులేస్తాడు. కొన్నేళ్లు దుబాయిలో వేశాడు, ఇప్పుడు ఎల్లారెడ్డిలో వేస్తున్నాడు. లోకంలో ఏ పనైనా తన పనిలాగే ఉంటుందని ఆయన గట్టి నమ్మకం.

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో కామారెడ్డి హాస్టల్లో ఉన్నాను. నా ప్రాజెక్టు కోసం మక్కజొన్న ఆకులోంచి డీఎన్ఏ తీసి, అందులో ఫలానా జన్యువు ఉందని చూపించాలి. ఉంటే చివర్లో జెల్ అనే మెత్తటి పలక మీద ఒక గీత వెలుగుతుంది. దాన్ని మేం బ్యాండ్ అంటాం. బ్యాండ్ వస్తే పాస్. రాకపోతే ఇంకో ఏడాది అదే ల్యాబు, అదే హాస్టల్ నీళ్ల పప్పు. అసలు పని మొదలవ్వాలంటే ముందు ప్రైమర్ కావాలి. అది బయట చేయించి తెప్పించుకునే చిన్న డీఎన్ఏ ముక్క. ఆర్డర్ పెట్టాం, రాలేదు. గడువు దగ్గర పడుతోందని ప్రాజెక్టు చూసే సార్‌తో మొత్తుకుంటే, "రోజూ ఇదే సాకా? పనిచేయాలని లేదని చెప్పరాదూ" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

బాపుకు ఫోన్ చేసి ఏడ్చాను. "ప్రైమర్ రాలే బాపూ. అది లేకుంటే పని మొదలే గాదు. సార్ నన్నే తిడుతున్నడు."

"ప్రైమర్ లేకుంటే పనెట్ల మొదలైతది? మీ సార్‌కు గా మాత్రం దెల్వదా?" బాపు నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. "ఏడ్వకు బిడ్డా. నేన్ జూస్త."

నా చదువు అర్థమైన మనిషి ఒక్కడైనా ఉన్నాడని హాయిగా పడుకున్నాను.

మరునాడు ల్యాబు తలుపు తోసుకుని బాపు వచ్చాడు. భుజాన తువ్వాల, చేతిలో పెద్ద తెల్ల బకెట్. బస్సులో దారి పొడవునా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట.

"నమస్తే సార్. బిడ్డకు ప్రైమర్ తెచ్చిన. ఏ గోడకు గొట్టాలె?"

ల్యాబంతా గొల్లున నవ్వింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఏందా నవ్వుడు? మీ కోసం ఎవలన్న గింత బరువు మోసుకొచ్చిన్రా?" అని అందరి మీదా లేచాను. తర్వాత బాపును పక్కకు తీసుకెళ్లి, మాకు కావాల్సింది రంగుకు ముందు గోడకు కొట్టే ప్రైమర్ కాదని, మా ప్రైమర్ చిటికెన వేలంత గొట్టంలో, అదీ అడుగున చుక్కంత వస్తుందని చెప్పాను.

"చుక్కనా?" బాపు ముఖం చిన్నబోయింది. "గంత దేనికి సరిపోతది బిడ్డా?"

సార్ మాత్రం బకెట్ వంకే చూస్తున్నాడు. "ఇంటికి ఫోన్ చేసి మొత్తుకుందంటే ప్రైమర్ సంగతి నిజమే అన్నమాట" అని గొణిగి గడువు పెంచాడు. బాపు తెచ్చింది వాపస్ తీసుకుపోనన్నాడు. పెచ్చులూడిన ల్యాబు గోడను గీకి, సాయంత్రానికల్లా ప్రైమర్ కొట్టేసి మరీ బస్సెక్కాడు.

కొన్నాళ్లకు నా చుక్క ప్రైమర్ వచ్చింది. మొదటిసారి జెల్ మీద ఏమీ లేదు. రెండోసారి చూస్తే గీత వెలుగుతోంది! ల్యాబులోంచే ఫోన్ చేసి అరిచాను.

"బాపూ! బ్యాండొచ్చింది!"

అటు నుంచి బ్రష్ కిందపడిన చప్పుడు వినిపించింది.

"పిల్లగాడు ఎవరే?" అన్నాడు బాపు. "నాకొక్క మాటన్న జెప్పకుంటనే బ్యాండ్ గూడ వెట్టిచ్చినవా?"

పడీపడీ నవ్వాను. పెళ్లి కాదు బాపూ, పాసయినట్టే అని చెప్పేసరికి కడుపు నొప్పి పుట్టింది. బాపు పెద్దగా ఊపిరి వదిలాడు.

"గట్లనా! మరి మన ప్రైమర్ మంచిగ పనిజేసిందా?"

ఎదురుగా బాపు ప్రైమర్ కొట్టిన గోడ తెల్లగా ఉంది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మస్తు జేసింది బాపూ" అన్నాను.